నడిపి చూపించిన అయ్యవారు – రిచర్డ్ స్టీవెన్స్

సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా గొప్పవాళ్ళ జీవితం గురించి ఒక వ్యాసం రాసిమ్మని మిత్రులు అడిగారు. గాంధీ గారి గురించీ, విశ్వేశ్వరయ్య గారి గురించీ, కలాం గారి గురించీ రాయడానికి నాకంటే తగినవాళ్ళు మన బ్యాచ్‌లలో చాలామంది ఉన్నారు. కంప్యూటర్ రంగంలోని వాళ్ళే కావాలన్నా, మన పాత చిత్తూరు జిల్లాలో కాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి గురించి మనవాళ్ళు ఇప్పటికే ఎన్నోసార్లు రాశారు. అందుకని, యునిక్స్ యంత్రాల మీద పనిచేసిన వాళ్ళందరికీ తెలిసి, మిగిలినవాళ్ళకు అంతగా తెలియని ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయన డబ్ల్యూ. రిచర్డ్ స్టీవెన్స్. 1999లో 48 ఏళ్ళకే పోయాడు. మొహం ఎప్పుడూ చూడకపోయినా, బడి వదిలిన తరువాత నాకు దొరికిన అయ్యవార్లలో ఆయన్నే ముందు చెప్పుకుంటాను.

స్టీవెన్స్ పుట్టింది 1951 ఫిబ్రవరి 5న, ఆఫ్రికాలో, ఉత్తర రొడీషియాలోని లువాన్షా అనే ఊళ్ళో. ఆ దేశాన్ని ఇప్పుడు జాంబియా అంటున్నాం. అది రాగి గనుల ప్రాంతం, తండ్రిది రాగి పరిశ్రమలో ఉద్యోగం. ఆ ఉద్యోగం వెంట కుటుంబం ఊళ్ళు మారుతూ పోయింది. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ, న్యూ మెక్సికోలో హర్లీ, రాజధాని వాషింగ్టన్, మళ్ళీ సముద్రం దాటి దక్షిణాఫ్రికాలోని ఫలబోర్వా. మన వైపు బదిలీల ఉద్యోగుల పిల్లలు ఏడాదికొక బడిలో చేరి, ప్రతిచోటా కొత్త యాసకు నవ్వులపాలై, ఆరు నెలలకు ఆ యాసే పట్టుకుని మాట్లాడేవాళ్ళు. స్టీవెన్స్ చిన్నతనం కూడా అలాంటిదే అయి ఉంటుందని నా ఊహ. హైస్కూలు చదువు మాత్రం వర్జీనియా రాష్ట్రంలో వేన్స్‌బరోలోని ఫిష్‌బర్న్ మిలిటరీ స్కూల్లో జరిగింది.

కాలేజీలో ఆయన చదివింది కంప్యూటర్లు కాదు. 1973లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి విమాన, అంతరిక్ష ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. విమానం నడపడం నేర్చుకుని, 1970లలో కొంతకాలం ఇతరులకు నేర్పాడు కూడా. ఈ వివరం నాకు చాలా ఇష్టం. విమానం నేర్పేవాడు ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఊహించి చెప్పడు. ఒక రకం విమానంలో కుడివైపు ఉన్న మీట ఇంకో రకంలో ఎడమవైపు ఉండొచ్చు. కాబట్టి ఎక్కే ముందు చీటీ చేతపట్టి ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటాడు. ఈయన పుస్తకాలు చదువుతుంటే ఆ అలవాటే కనిపిస్తుంది.

1975లో అరిజోనాలోని టూసాన్‌కు వచ్చి, కిట్ పీక్ జాతీయ నక్షత్రశాలలో ప్రోగ్రామర్‌గా చేరాడు. మన పొరుగున జవ్వాది కొండల్లో ఉన్న కావలూరు నక్షత్రశాలను చూసినవాళ్ళు ఆ చోటు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎడారి మధ్యలో కొండ, కొండ మీద తెల్లటి గుమ్మటాలు, రాత్రంతా పని. అక్కడ ఉద్యోగం చేస్తూనే అరిజోనా విశ్వవిద్యాలయంలో సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో 1978లో ఎమ్మెస్, 1982లో పీహెచ్‌డీ పూర్తిచేశాడు. ఆ తరువాత ఎనిమిదేళ్ళు తూర్పు తీరాన న్యూ హేవెన్‌లో, ఆరోగ్య రంగానికి సంబంధించిన ఒక సంస్థలో కంప్యూటర్ విభాగానికి ఉపాధ్యక్షుడుగా పనిచేశాడు. 1990లో ఉద్యోగం మానుకుని, భార్యా ముగ్గురు పిల్లలతో టూసాన్‌కు తిరిగివచ్చి, ఇంట్లోనే కూర్చుని పుస్తకాలు రాయడం మొదలుపెట్టాడు. ఆ తరువాత ఆయనకు మిగిలింది తొమ్మిదేళ్ళు.

ఆ తొమ్మిదేళ్ళలో ఏం చేశాడో చెప్పాలంటే ముందు యునిక్స్ సంగతి కొంచెం చెప్పాలి. మన సోషల్, తెలుగు అయ్యవార్లు కూడా ఈ సంచిక చదువుతారు కాబట్టి ఓపికపట్టమని మనవి.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ కలిసి యునిక్స్‌ను మొదలుపెట్టారు. అందులో బొమ్మలు లేవు, మౌస్ లేదు. నల్ల తెర మీద ఒక మాట కొడితే యంత్రం ఒక పని చేస్తుంది. ఎల్ఎస్ అంటే ఫైళ్ళ జాబితా, గ్రెప్ అంటే ఫైల్లో మాట వెతకడం, సార్ట్ అంటే వరసలో పేర్చడం, టార్ అంటే ఫైళ్ళన్నీ ఒక మూటగా కట్టడం. ఒక్కొక్క పనిముట్టుకు ఒక్కటే పని. కొడవలితో చెరుకు నరికి, గానుగలో ఆడించి, పెనంలో కాచి బెల్లం దింపినట్టు, ఒక పనిముట్టు చేసింది ఇంకోదానికి అందిస్తూ పోతే పెద్ద పని పూర్తవుతుంది.

బెల్ ల్యాబ్స్ ఏటీ అండ్ టీ అనే టెలిఫోను కంపెనీది. అమెరికా ప్రభుత్వంతో 1956లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కంపెనీ కంప్యూటర్ల వ్యాపారం చేయకూడదు. అందువల్ల యునిక్స్‌ను మూల కోడ్‌తో సహా విశ్వవిద్యాలయాలకు తక్కువ రుసుముకు ఇచ్చేశారు. 1970ల చివరికి కాలిఫోర్నియాలోని బర్క్లీ వాళ్ళు దాన్ని తమకు తోచినట్టు పెంచి బీఎస్‌డీ అని పంచారు. కంపెనీ మీది కట్టడి తొలగే వేళకు ఏటీ అండ్ టీ కూడా తన వంగడాన్ని సిస్టం ఫైవ్ పేరుతో 1983లో అమ్మకానికి పెట్టింది. అక్కడినుంచి ఒక్కో కంపెనీ ఒక్కో యునిక్స్ తయారుచేసుకుంది. సన్ వాళ్ళది సన్ఓఎస్, తరువాత సొలారిస్. హెచ్‌పీ వాళ్ళది హెచ్‌పీ-యూఎక్స్. ఐబీఎం వాళ్ళది ఏఐఎక్స్. ఇవిగాక అల్ట్రిక్స్, ఐరిక్స్, ఎస్‌సీఓ. తల్లి ఒకతే, పిల్లలు వేరు కాపురాలు పెట్టారు. మాటలన్నింటిలోనూ అవే, అర్థాలే మారాయి.

ఈ ముక్క మన వాళ్ళకు చెప్పడం నాకు చాలా సులువు. మన ఐరాలలో అనపకాయ అంటే ఏమిటి? చలికాలంలో ఒలిచి, గింజలు నానబెట్టి, పితికి పులుసు పెట్టుకునేది. అదే గోదావరి జిల్లా మనిషిని ఆనపకాయ తెమ్మంటే సొరకాయ తెచ్చి చేతిలో పెడతాడు. ఇద్దరిదీ తెలుగే, ఇద్దరూ తప్పు చెప్పలేదు. కూర మాత్రం చెడింది. యునిక్స్‌లో జరిగింది అచ్చం ఇదే.

ఎకో అనే చిన్న పనిముట్టును తీసుకోండి. ఇచ్చిన మాటను తెర మీద వేయడం దాని పని. చివర కొత్త లైనుకు పోకుండా ఆగాలంటే బర్క్లీ వంశంలో హైఫన్ ఎన్ అని ముందు చేర్చాలి. సిస్టం ఫైవ్ వంశంలో చివర వాలుగీత, సి అని చేర్చాలి. బర్క్లీ అలవాటుతో రాసిన ప్రోగ్రాంను సిస్టం ఫైవ్ మీద నడిపితే, ఆ హైఫన్ ఎన్ కూడా అక్షరాలా తెర మీద పడుతుంది. నడుస్తున్న పనులన్నీ చూడాలంటే ఒకచోట పీఎస్ ఏయూఎక్స్, ఇంకోచోట పీఎస్ హైఫన్ ఈఎఫ్. అవతలి యంత్రం బతికుందా అని అడిగే పింగ్‌ను సొలారిస్‌లో మామూలుగా కొడితే బతికుందని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. ఇతర చోట్ల మనం ఆపేదాకా సెకనుకొకటి చొప్పున లెక్కలు చెబుతూనే ఉంటుంది. కిల్‌ఆల్ అనే మాట మరీ ప్రమాదం. లినక్స్‌లో దాని వెంట ఒక పేరు ఇస్తే ఆ పేరున్న పనులను మాత్రం ఆపుతుంది. సిస్టం ఫైవ్ సంతతిలో అది యంత్రాన్ని మూసేటప్పుడు వాడే మాట. నడుస్తున్నవన్నీ చంపేస్తుంది.

దీనికి విరుగుడుగా పోసిక్స్ అనే ప్రమాణం వచ్చింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసం మొదటి భాగం 1988లో, పైన చెప్పిన పనిముట్ల కోసం రెండో భాగం 1992లో. మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం చేసి, 1958 నుంచి కిలోలు అమల్లోకి తెచ్చినా, మన పెద్దవాళ్ళు ఎన్నో ఏళ్ళు వీశెల్లోనూ మణుగుల్లోనూ పడుల్లోనూ లెక్క చెప్పేవాళ్ళు కదా. కంపెనీలూ అంతే చేశాయి. సొలారిస్‌లో పాత పద్ధతి పనిముట్లు ఒక అరలో, బర్క్లీ పద్ధతివి ఇంకో అరలో, ప్రమాణానికి తగ్గట్టుగా ఉండేవి మరో అరలో పెట్టారు. ఏ అర ముందు వెతకాలో చెప్పకపోతే యంత్రం పాతదే తీసి ఇస్తుంది. పాత గిరాకీని వదులుకోలేక అలా చేశారు. వ్యాపారం తెలిసినవాళ్ళకు అందులో వింత లేదు.

అమీర్‌పేటలో నేను యునిక్స్ నేర్చుకున్న రోజుల్లో ఇవేవీ పాఠంలో లేవు. ఒక యంత్రం మీద, ఒక వంశం మాటలు నేర్పి, అదే యునిక్స్ అని పంపేవాళ్ళు. తరువాత నేను పనిచేసిన ఒక చోట (పేరు వద్దు) జరిగిన సంగతి ఒకటి చెబుతాను. కొత్తగా చేరిన పిల్లవాడు ఒకడు, లినక్స్ మీద చేయి తిరిగినవాడు, పాత మూటలోని ఒక ఫైలును చూడాల్సివచ్చింది. మూడు రోజుల కిందట టార్‌తో కట్టిన మూట అది. జాగ్రత్తపరుడు కాబట్టి పక్కన ఒక ఖాళీ అర తయారుచేసుకుని, అందులో నిలబడి మూట విప్పాడు. లినక్స్‌లోని టార్ ఫైలు పేరులో మొట్టమొదటి వాలుగీతను తీసేసి, మనం నిలబడిన చోటే విప్పుతుంది. ఆ యంత్రంలో ఉన్న పాతకాలం టార్‌కు ఆ మర్యాద తెలియదు. పేరులో పూర్తి చిరునామా రాసి ఉంటే నేరుగా ఆ చిరునామాకే పోయి, అక్కడ ఉన్నదాన్ని తుడిచి, పాతదాన్ని పెట్టి వస్తుంది. అలాగే పెట్టింది. మూడు రోజుల పద్దులు పోయాయి. రెండు రాత్రులు నలుగురం కూర్చుని కాగితం ఓచర్లు చూసి మళ్ళీ ఎక్కించాం.

పైవాళ్ళు ఆ పిల్లవాడిని పంపించేద్దామన్నారు. అతను పలమనేరు వైపు రైతు బిడ్డ, ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. అతను చేసింది నిర్లక్ష్యం కాదనీ, తన ఊరి భాషలో సరైన మాటే అన్నాడనీ పైవాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పడానికి నా దగ్గర మాటలు చాలలేదు. అప్పుడు నా బల్ల మీది స్టీవెన్స్ పుస్తకం తెరిచి అందులోని ఒక పట్టిక చూపించాను. టార్ గురించి అందులో ఒక్క ముక్క లేదు. కానీ ఒకే పేరు ఐదు చోట్ల ఐదు రకాలుగా ఉండటం లోకమంతా ఒప్పుకున్న సంగతేనని ఆ పేజీ చూడగానే తెలుస్తుంది. వాళ్ళు కాసేపు దాన్ని చూశారు. పిల్లవాడు ఉద్యోగంలో నిలిచాడు. మరునాడే ఆ పద్ధతిలో మా యంత్రాల పనిముట్లకు ఒక పట్టిక తయారుచేయడం మొదలుపెట్టాం. అతనే ఎక్కువ భాగం రాశాడు.

ఆ పుస్తకం పేరు అడ్వాన్స్‌డ్ ప్రోగ్రామింగ్ ఇన్ ది యునిక్స్ ఎన్విరాన్‌మెంట్, అచ్చయింది 1992లో. ఏడు వందలకు పైగా పేజీలు. అంతకు ముందే, 1990లో, యునిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ అనే పుస్తకంతో ఆయన పేరు బయటికి వచ్చింది. ఒక యంత్రంలోని ప్రోగ్రాం ఇంకో యంత్రంలోని ప్రోగ్రాంతో ఎలా మాట్లాడాలో నేర్పే పుస్తకం అది. 1993లో వచ్చిన ఒక హాలీవుడ్ హాస్య చిత్రంలో ఆ పుస్తకం ఒక పాత్ర చేతిలో కనిపిస్తుంది కూడా. సినిమాలో కనబడ్డ సాంకేతిక పుస్తకం నాకు తెలిసి ఇంకోటి లేదు.

1992 పుస్తకంలోని పట్టికల గురించి చెప్పి తీరాలి. మన బడిలో హాజరు పట్టీ ఉండేది కదా, అడ్డంగా తేదీలు, నిలువుగా పేర్లు. అలాంటివే. ఎడమవైపు యంత్రాన్ని అడగగల పనుల పేర్లు. అడ్డంగా ఏఎన్‌ఎస్‌ఐ సి, పోసిక్స్, ఎక్స్/ఓపెన్ అనే ప్రమాణాలు, సిస్టం ఫైవ్ రిలీజ్ 4, బర్క్లీ 4.3+ అనే రెండు నిజమైన వ్యవస్థలు. ఎక్కడ ఉంటే అక్కడ ఒక నల్ల చుక్క. ప్రమాణంలో చుక్క ఉండి యంత్రంలో లేకపోయినా, యంత్రంలో ఉండి ప్రమాణంలో లేకపోయినా కంటికి ఇట్టే తగులుతుంది. ఏ కంపెనీ మీదా ఒక్క విసురు మాట లేదు. చుక్క ఉందా లేదా, అంతే.

ఆ పుస్తకంలోని ప్రోగ్రాములన్నీ ఆయన తన యంత్రాల మీద నడిపి చూసినవే. ఒక్కో వ్యవస్థలో తేడా ఉన్నచోట ఫలితాలు పక్కపక్కన అచ్చువేశాడు. తేడాలను దాచిపెట్టడానికి తనదే ఒక చిన్న శీర్షిక ఫైలు రాసి, ప్రతి ప్రోగ్రాం మొదట్లో దాన్ని చేర్చాడు. వేరే యంత్రానికి పోయినప్పుడు మార్చాల్సింది ఏదైనా ఉంటే అక్కడ మారిస్తే చాలు. కాలం గడిచేకొద్దీ ఆ పద్ధతి వందలాది మంది అందుకున్నారు. 1998 నాటి పుస్తకానికి ఆయన ఇచ్చిన కోడ్‌లో, యంత్రాన్ని ముందే పరీక్షించి ఏది ఉందో ఏది లేదో కనిపెట్టే కాన్ఫిగర్ లిపి కూడా ఉంటుంది. ఏఐఎక్స్, హెచ్‌పీ-యూఎక్స్, సొలారిస్, యునిక్స్‌వేర్, డిజిటల్ యునిక్స్, బీఎస్‌డీ, లినక్స్ ఇన్నింటి మీదా అది నడవాలని ఆయన పట్టుదల.

ఒక్కటి మాత్రం నాకు నచ్చనిది చెబుతాను. 1992 పుస్తకంలో మోడెం ద్వారా ఫోన్ కలపడానికీ, ప్రింటర్‌తో మాట్లాడటానికీ ఒక్కో అధ్యాయం ఉంది. ఎంతో శ్రమపడి రాసినవే, కానీ అవి పదేళ్ళకే పాతబడిపోయాయి. ఆయన ప్రోగ్రాములు కూడా అందరికీ కొరుకుడుపడేవి కావు. తొలిసారి చదివేవాడికి కొండ ఎక్కినట్టే ఉంటుంది. పక్కన యంత్రం లేకుండా కుర్చీలో కూర్చుని చదివితే నిద్ర వస్తుంది. వేళ్ళు కీబోర్డు మీద పెట్టి చదివితే రాదు.

నా దృష్టిలో అన్నింటికంటే గొప్పది మూడో పుస్తకం, 1994లో వచ్చిన టీసీపీ/ఐపీ ఇలస్ట్రేటెడ్ మొదటి సంపుటం. మన ఫోన్లలో, బ్యాంకుల్లో, టికెట్ల కౌంటర్లలో సమాచారం అటూ ఇటూ పోయే పద్ధతులన్నింటి పేరూ టీసీపీ/ఐపీ. అప్పటిదాకా ఆ విషయం మీద పుస్తకాలు నియమాలు వల్లెవేసేవి. ఫలానా నియమపత్రంలో ఇలా ఉంది కాబట్టి యంత్రం ఇలా చేస్తుందని. స్టీవెన్స్ ఆ దారిని తిప్పాడు. పింగ్ అనో, ట్రేస్‌రూట్ అనో, టెల్‌నెట్ అనో ఒక మామూలు ఆజ్ఞ కొడతాడు. తీగ మీద పోతున్న ప్రతి పొట్లాన్నీ టీసీపీడంప్ అనే పనిముట్టుతో పట్టి, సెకనులో ఎన్నో వంతున ఏది పోయిందో, ఏది తిరిగి వచ్చిందో లైన్లవారీగా అచ్చువేస్తాడు. ఆ తరువాతే నియమం ఏమిటో చెబుతాడు. సైన్సు ల్యాబులో లిట్మస్ కాగితం ముంచి రంగు చూపించి, ఆ తరువాత ఆమ్లం అనే మాట చెప్పే అయ్యవారి పద్ధతి ఇది.

ఆ పుస్తకం అట్ట తెరవగానే ఒక పటం ఉంటుంది. ఆయన ప్రయోగాలు చేసిన యంత్రాల పటం. ఒకదాని పేరు బీఎస్‌డీఐ, ఇంకోదాని పేరు ఎస్‌వీఆర్4, ఇంకోటి సన్, ఇంకోటి స్లిప్, మరొకటి సొలారిస్, మరొకటి ఏఐఎక్స్. ఏ యంత్రంలో ఏ యునిక్స్ ఉందో దాదాపు దాని పేరే చెబుతుంది. పెద్ద కంపెనీల ప్రయోగశాల కాదు అది. ఇంట్లోని మామూలు 386, 486 యంత్రాలు, ఒక సన్ వర్క్‌స్టేషన్, ఫోన్ తీగ, దానికి తగిలించిన నక్షత్రశాల నెట్‌వర్క్. ఎవరైనా కొంచెం కష్టపడితే తయారుచేసుకోగలిగినంత. అందుకే ఆ పటం చూసి ఎందరో పాత యంత్రాలు కొనుక్కొచ్చి ఇంట్లో కలుపుకున్నారు. మేము మా గదిలో రెండింటిని కలిపాం.

ఒకే ఆజ్ఞకు ఒక్కో యంత్రం ఒక్కో రకంగా బదులివ్వడం ఆ పుస్తకం పొడుగునా కనిపిస్తుంది. ఒకటి పోయిన పొట్లాన్ని మళ్ళీ పంపడానికి ఇంతసేపు ఆగుతుంది, ఇంకోటి అంతకంటే ఎక్కువసేపు. ఒకటి నియమం పాటిస్తుంది, ఇంకోటి పాటించదు. చివరన ఒక అనుబంధంలో, టీసీపీడంప్ ఒక్కో యునిక్స్‌లో పొట్లాలను పట్టుకునే పద్ధతే వేరని మూడు బొమ్మలతో చూపించాడు. బీఎస్‌డీలో ఒకటి, సన్ఓఎస్‌లో ఒకటి, సిస్టం ఫైవ్‌లో ఇంకొకటి. అంటే కొలిచేవాడు కొలబద్దను కూడా కొలిచి చూపించాడు. కావలసిన పనిముట్టు దొరకని చోట సాక్ అనే పేరుతో తనే ఒకటి రాసుకుని, అందరికీ ఉచితంగా ఇచ్చాడు.

1995లో గ్యారీ రైట్‌తో కలిసి రెండో సంపుటం తెచ్చాడు. బర్క్లీ వాళ్ళ అసలు నెట్‌వర్క్ కోడ్ దాదాపు 15,000 లైన్లు తీసుకుని, లైను లైనుకూ అర్థం చెప్పిన పుస్తకం. పోతన పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాసినట్టు. 1996లో మూడో సంపుటం. 1998లో నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ పుస్తకాన్ని పూర్తిగా తిరగరాసి మొదటి సంపుటంగా, 1999లో రెండో సంపుటంగా ఇచ్చాడు. ఈ పుస్తకాల అచ్చు ప్రతులు కూడా తనే సిద్ధం చేసేవాడు. ట్రాఫ్ అనే పాతకాలపు యునిక్స్ పనిముట్టును, జేమ్స్ క్లార్క్ తిరిగి రాసిన గ్రాఫ్ రూపంలో వాడేవాడు. ప్రచురణకర్తల చేతికి పేజీ తయారై వెళ్ళేది. లోకం మౌస్ పట్టుకుని పేజీలు దిద్దుతుంటే, ఈయన ఆజ్ఞలు కొట్టి పుస్తకాలు చేశాడు.

రాతతోనే ఆగలేదు. ఐపీ చిరునామాలు చాలకుండా పోతున్నాయని ఐపీవీ6 అనే కొత్త పద్ధతి వస్తున్నప్పుడు, ప్రోగ్రాములు దాన్ని వాడుకునే తీరు అన్ని యునిక్స్‌లలోనూ ఒకేలా ఉండాలని పత్రాలు రాసినవాళ్ళలో ఈయన ఒకడు. 1997లో మొదటిది, 1998లో దాని పెద్ద అనుబంధం, 1999 మార్చిలో సవరించిన రూపం. ఈసారైనా పిల్లలు వేరు కాపురాలు పెట్టకముందే మాటలకు అర్థాలు కుదిర్చిపెట్టాలన్నది ఆ పని. ఇవాళ మనం ఏ యంత్రం మీద రాసినా, పాత చిరునామాకూ కొత్త చిరునామాకూ ఒకే ప్రోగ్రాం పనిచేస్తున్నదంటే దానికి వెనక ఆ కొద్దిమంది శ్రమ ఉంది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళు ప్రశ్నలు రాసి పంపితే ఓపికగా బదులిచ్చేవాడని ఆయనతో ఉత్తరాలు నడిపినవాళ్ళు చాలామంది చెప్పుకున్నారు. నాకు ఆ అదృష్టం పట్టలేదు. మన దేశంలో అచ్చయిన తక్కువ ధర ప్రతులే నాకూ ఆయనకూ మధ్య ఉన్న బంధం. కాగితం పలుచన, అట్ట మెత్తన, వెనక పేజీ ముందు పేజీలోకి కనిపించేది. అమీర్‌పేట గదుల్లో ఆరుగురికి ఒక ప్రతి ఉండేది. రాత్రి ఎవరి వంతు ఎప్పుడో రాసి తలుపుకు అంటించుకునేవాళ్ళం.

1999 అంటే గుర్తుండే ఉంటుంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని లోకమంతా హడావిడి. మన వైపు పిల్లలు వందల సంఖ్యలో విమానాలెక్కి పోయి, ఎవరెవరో రాసిన పాత ప్రోగ్రాములు దిద్దుతున్న రోజులు. ఆ సెప్టెంబరు 1న టూసాన్‌లో స్టీవెన్స్ చనిపోయాడు. కారణం చెప్పకూడదని కుటుంబం అనుకుంది. అది వాళ్ళ ఇష్టం, మనం గౌరవించాల్సిందే. మా గదుల్లో ఆ వార్త తెలిసిన రాత్రి తలుపు మీది చీటీ ప్రకారం పుస్తకం వంతు ఉన్నవాడు దాన్ని తెరవలేదు.

నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ మూడో సంపుటం రాయాలని ఆయన అనుకున్నాడు, అది రాలేదు. 2000లో యూజ్‌నిక్స్ సంఘం తన జీవన సాఫల్య పురస్కారాన్ని ఆయనకు మరణానంతరం ఇచ్చింది. ఆయన మొదలుపెట్టినవాటిని ఇతరులు ఎత్తుకున్నారు. నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ మొదటి సంపుటాన్ని బిల్ ఫెన్నర్, ఆండ్రూ రుడాఫ్ 2003లో సవరించారు. టీసీపీ/ఐపీ మొదటి సంపుటాన్ని కెవిన్ ఫాల్ 2011లో తిరగరాశాడు. 1992 నాటి పెద్ద పుస్తకాన్ని స్టీఫెన్ రాగో 2005లో కొత్త కూర్పుగా తెచ్చాడు, 2013లో మరోసారి. అన్నింటి మీదా స్టీవెన్స్ పేరు అలాగే ఉంది.

రాగో చేసిన మార్పుల్లో మోడెం అధ్యాయం పోయింది. పట్టికలు మాత్రం పోలేదు. 2005 కూర్పులో ఆ నిలువు వరసల పైన ఫ్రీబీఎస్‌డీ 5.2.1, లినక్స్ 2.4.22, మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.3, సొలారిస్ 9 అని ఉంటుంది. 2013 కూర్పులో అవే నాలుగు పేర్లు, కొత్త అంకెలు. అన్నీ మళ్ళీ నడిపి చూసి, ఉన్నచోట చుక్క పెట్టారు. లేనిచోట ఖాళీ వదిలారు.